మీకు తెలుసా? హిట్లర్ చట్టాన్ని ఆపిన ఆర్జీ

అడిగిన దేశమే లేకుండా పోయింది

ఏటా డిసెంబరు 18న మన దేశంలో మైనారిటీల హక్కుల దినం జరుపుతారు. ఒక సభ, నాలుగు ప్రసంగాలు, మర్నాడు జిల్లా పేజీలో ఒక ఫొటో. ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారో ఆ సభల్లో చెప్పేవాళ్లు తక్కువ. 1992లో అదే రోజున ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ జాతి, మత, భాషా మైనారిటీల హక్కుల ప్రకటనను ఆమోదించింది. మొత్తం కలిపి తొమ్మిది అధికరణాలు. ఓటింగు అవసరం కూడా పడలేదు.

ఇంతకీ ఇలాంటి ప్రకటన ఒకటి కావాలని పట్టుబట్టిన దేశం ఏదో తెలుసా? యుగోస్లావియా. 1970ల చివర్లో అది తెచ్చిన ప్రతిపాదన కమిటీల్లో నలిగి నలిగి బయటపడేసరికి యుగోస్లావియా అనే దేశమే ముక్కలైపోయింది. ప్రకటనకు ఆమోదం దొరికిన రోజున సరాయెవో నగరం చుట్టూ ఫిరంగులు మోహరించి ఉన్నాయి. ఏ జాతి, ఏ మతం అని అడిగి మరీ మనుషుల్ని ఊళ్లలోంచి తరిమేస్తున్నారు.

మైనారిటీల రక్షణ కోసం ప్రపంచం రాసుకున్న కాగితాలకు కొదవ లేదు. వాటిలో కొన్ని ఎవరూ ఊహించనంత గట్టిగా పనిచేశాయి. కొన్ని బీరువాల్లోనే ఉండిపోయాయి. నా లెక్కలో తేడా రెండు విషయాల దగ్గర వస్తుంది. ఆ కాగితం పట్టుకుని మామూలు మనిషి వెళ్లి తట్టగలిగే తలుపు ఉందా? కాదు పొమ్మంటే ఆ ప్రభుత్వానికి ఏమైనా నష్టం ఉందా? ఈసారి ముచ్చట్లన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే.

నాజీ చట్టాలు చెల్లని చోటు

హిట్లర్ గద్దె మీద ఉండగా, జర్మనీలోనే, యూదులకు వ్యతిరేకంగా ఆయన చేసిన చట్టాలు చెల్లని ప్రాంతం ఒకటుండేది. అదీ ఒకటి రెండు నెలలు కాదు, నాలుగేళ్లు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఎగువ సైలీషియా అనే బొగ్గుగనుల సీమను జర్మనీకి, పోలండ్‌కు పంచారు. గీత ఎక్కడ గీసినా కొందరు జర్మన్లు అటు, కొందరు పోల్‌లు ఇటు మిగిలిపోక తప్పదు. అందుకని 1922 మే 15న రెండు దేశాలూ జెనీవాలో 606 అధికరణాల ఒప్పందం రాసుకున్నాయి. గడువు పదిహేనేళ్లు. రెండు వైపులా మైనారిటీలకు సమాన హక్కులు. వాటికి భంగం కలిగితే బాధితుడే నేరుగా నానాజాతి సమితి కౌన్సిల్‌కు ఆర్జీ పెట్టుకోవచ్చు. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. తక్కిన మైనారిటీ ఒప్పందాల కింద ఎవరైనా ఆర్జీ పంపితే దాన్ని సమాచారం కింద జమకట్టేవారు. పంపినవాడికి ఆ తర్వాత దానితో ఏ సంబంధమూ ఉండేది కాదు.

1933 ఏప్రిల్ నెలాఖరున గ్లైవిట్జ్ పట్టణంలో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తున్న ఫ్రాంజ్ బెర్న్‌హైమ్‌ను యూదుడైనందుకు ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ రోజుల్లో జర్మనీ అంతటా జరుగుతున్న పనే అది. కాకపోతే ఈయన ఉన్నది ఆ ఒప్పందం అమల్లో ఉన్న ఊళ్లో. ప్రేగ్ వెళ్లి, అక్కడి నుంచి మే నెలలో సమితికి ఆర్జీ పంపాడు. వెనక యూదు సంఘాల పెద్దలున్నారు. అందుకే ఆ ఆర్జీ ఒక గుమాస్తా ఉద్యోగం దగ్గర ఆగలేదు. యూదు అధికారులను, లాయర్లను, డాక్టర్లను, విద్యార్థులను వెళ్లగొడుతున్న చట్టాలన్నిటినీ పేరుపేరునా ఏకరువు పెట్టింది.

దాన్ని పరిశీలించి నివేదిక ఇచ్చింది ఐర్లండ్ ప్రతినిధి షాన్ లెస్టర్. జర్మనీ ప్రతినిధి సంజాయిషీ వినదగ్గది. దేశంలో చేసుకున్న చట్టాలు అంతర్జాతీయ ఒప్పందాన్ని మీరలేవట, ఎక్కడైనా పొరపాటు జరిగి ఉంటే అది కింది అధికారులు సరిగ్గా అర్థం చేసుకోకపోవడం వల్లేనట. తప్పును కింది ఉద్యోగి నెత్తిన రుద్దడం అప్పటికే పాత విద్య! ఏదైతేనేం, జూన్‌లో కౌన్సిల్ ఆ నివేదికను ఆమోదించాక ఎగువ సైలీషియాలో ఆ చట్టాలు నిలిచిపోయాయి. 1935లో వచ్చిన న్యూరెంబర్గ్ చట్టాలు కూడా ఆ ప్రాంతంలో అడుగుపెట్టలేదు.

ఇందులో అసలు విశేషం వేరే ఉంది. 1933 అక్టోబరులో జర్మనీ నానాజాతి సమితికే రాంరాం చెప్పింది. అయినా ఈ ఒప్పందాన్ని మాత్రం గడువు దాకా పాటించింది. దయ పుట్టి కాదు. అదే ఒప్పందం కింద పోలండ్ వైపున్న జర్మన్లకూ రక్షణ ఉంది. ఇక్కడ తెంపితే అక్కడా తెగుతుంది. 1937 జూలై 15న పదిహేనేళ్లు నిండాయి. ఆ వెంటనే నాజీ చట్టాలన్నీ ఎగువ సైలీషియాలోకి వచ్చిపడ్డాయి.

పెద్దలకు వర్తించని షరతు

వెర్సాయ్ సంధి మీద సంతకాలైన 1919 జూన్ 28నే పోలండ్ చేత మైనారిటీల ఒప్పందం మీద కూడా సంతకం పెట్టించారు. ఆ తర్వాత చెకొస్లొవాకియా, యుగోస్లావియా, రుమేనియా, గ్రీసుల వంతు. కొత్తగా పుట్టిన, యుద్ధంలో ఓడిన, కొత్త భూములు కలుపుకున్న చిన్న దేశాలకు మాత్రమే ఈ షరతులు. బ్రిటన్‌కు లేవు, ఫ్రాన్స్‌కు లేవు. రెండు లక్షల పైచిలుకు జర్మన్ భాషీయులున్న దక్షిణ టిరోల్‌ను ఆస్ట్రియా నుంచి తీసుకున్న ఇటలీకీ లేవు. ముస్సోలినీ అక్కడ జర్మన్ బడులు మూయించాడు, ఊళ్ల పేర్లు మార్చేశాడు. సమితి చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. అందరికీ ఒకే నియమం పెట్టేదాకా తాము సహకరించబోమని 1934లో పోలండ్ తెగేసి చెప్పింది. పోలండ్ ఉద్దేశం మంచిది కాకపోవచ్చు గానీ ఆ ప్రశ్నకు పెద్ద దేశాల దగ్గర జవాబు లేదు.

దక్షిణ టిరోల్ కథ తర్వాత మలుపు తిరిగింది. 1946 సెప్టెంబరు 5న ఇటలీ, ఆస్ట్రియా విదేశాంగ వ్యవహారాలు చూసే నేతలు పారిస్‌లో రెండే పేజీల ఒప్పందం చేసుకున్నారు. ఇటలీ దాన్ని సాగదీసింది. 1960లో ఆస్ట్రియా ఐక్యరాజ్యసమితికెక్కింది. 1961లో ఒక్క రాత్రిలో పదులకొద్దీ కరెంటు టవర్లు పేలిపోయాయి. చివరికి 1972లో గట్టి స్వయంప్రతిపత్తి చట్టం వచ్చింది. అప్పటి నుంచి అక్కడ ప్రభుత్వోద్యోగాలను జర్మన్, ఇటాలియన్, లదీన్ భాషల వాళ్లకు జనాభా దామాషాలో పంచుతారు. ఉద్యోగి రెండు భాషల పరీక్ష పాసవ్వాలి. తగవు తీరిపోయిందని ఆస్ట్రియా ఐక్యరాజ్యసమితికి చెప్పింది 1992లో. రెండు పేజీల కాగితం అమలు కావడానికి పట్టిన కాలం నలభై ఆరేళ్లు.

జెండా ఉంది, స్టాంపు ఉంది, సైన్యం లేదు

ఫిన్లండ్‌కూ స్వీడన్‌కూ మధ్య బాల్టిక్ సముద్రంలో ఆలాండ్ అనే దీవుల సముదాయం ఉంది. జనాభా ముప్పై వేలు. మాట్లాడేది స్వీడిష్, ఉండేది ఫిన్లండ్‌లో. 1917లో ఫిన్లండ్ స్వతంత్రమైనప్పుడు ఈ దీవుల జనం దాదాపు ఏకగ్రీవంగా స్వీడన్‌లో కలుస్తామన్నారు. ఫిన్లండ్ ససేమిరా అంది. వ్యవహారం అప్పుడే పుట్టిన నానాజాతి సమితి ముందుకొచ్చింది.

1921 జూన్‌లో సమితి ఇచ్చిన తీర్పు ముగ్గురిలో ఎవరికీ పూర్తిగా నచ్చలేదు. దీవులు ఫిన్లండ్‌వే. కానీ అక్కడి భాష, బడి, భూమి స్థానికుల చేతి నుంచి పోకూడదు. ఆ పూచీ ఫిన్లండ్‌ది. సైనిక స్థావరాలు ఉండకూడదన్నది 1856 నుంచీ ఉన్న నియమమే, దాన్ని మరింత బిగించారు. ఓడిపోయిన స్వీడన్ కూడా తీర్పుకు ఒప్పుకుంది. ఆ సంస్థ చరిత్రలో ఇంత శుభ్రంగా తేలిన పంచాయితీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నేటికీ అక్కడ భూమి కొనాలంటే ఆలాండ్ స్థానికత ఉండాలి. బయటి నుంచి వచ్చినవాళ్లకు అది రావాలంటే అయిదేళ్లు నివాసం ఉండాలి, స్వీడిష్ రావాలి. మన ఏజెన్సీ ప్రాంతాల 1/70 చట్టం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఆలాండ్ కుర్రాళ్లకు ఫిన్లండ్‌లోని నిర్బంధ సైనిక సేవ లేదు. సొంత శాసనసభ ఉంది. 1954 నుంచి సొంత జెండా, 1984 నుంచి సొంత తపాలా బిళ్లలు ఉన్నాయి. ఫిన్లండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు ఆలాండ్‌కు పన్నుల్లో ప్రత్యేక మినహాయింపు దక్కింది. అందుకే స్టాక్‌హోం, హెల్సింకిల మధ్య తిరిగే పెద్ద పడవలు దారిలో ఈ దీవుల రేవులో కాసేపు ఆగి వెళతాయి. ఆ ఆగడంతో పడవలోని మద్యం మీద సుంకం తగ్గిపోతుంది. హక్కుల చరిత్రలో ఇలాంటి ఫలితాలు కూడా ఉంటాయి మరి!

అందరి బడులూ మూసేస్తే అది సమానత్వమేనా?

1933లో అల్బేనియా ప్రభుత్వం దేశంలోని ప్రైవేటు బడులన్నిటినీ మూసేసింది. దక్షిణాన ఉన్న గ్రీకు మైనారిటీ లబోదిబోమంది, ఎందుకంటే వాళ్ల భాషలో చదువు చెప్పేవి ఆ బడులే. అల్బేనియా వాదన వినడానికి ముచ్చటగా ఉంటుంది: మేం అల్బేనియన్ల బడులూ మూశాం, గ్రీకుల బడులూ మూశాం, ఇందులో వివక్ష ఎక్కడుంది?

1935 ఏప్రిల్ 6న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఎనిమిది మంది ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఆ వాదనను తోసిపుచ్చింది. మెజారిటీ పిల్లలకు ప్రభుత్వ బడి ఉంది, అందులో వాళ్ల భాషే ఉంది. మైనారిటీకి ఉన్న ఒక్కటీ పోతే మిగిలేది శూన్యం. చట్టం కాగితం మీద సమానంగా ఉంటే చాలదు, వాస్తవంలోనూ సమానం కావాలని తేల్చింది.

మనకు ఇందులో ఏముందంటారా? 1974లో అహ్మదాబాద్ సెయింట్ జేవియర్స్ కాలేజీ కేసులో, రాజ్యాంగం 30వ అధికరణం కింద మైనారిటీ విద్యాసంస్థలకు ఎంత స్వేచ్ఛ ఉందో తేల్చడానికి సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో కూర్చుంది. ఆ తీర్పులో అల్బేనియా బడుల ప్రస్తావన ఉంది. ఎక్కడి అల్బేనియా, ఎక్కడి అహ్మదాబాద్!

మతం చూసి పంచిన మనుషులు

మైనారిటీ సమస్యకు ఒక దుర్మార్గపు పరిష్కారం కూడా అంతర్జాతీయ ముద్రతోనే జరిగింది. 1923 జనవరి 30న లొజాన్‌లో గ్రీసు, టర్కీ జనాభాను మార్చుకోవడానికి ఒప్పుకున్నాయి. పన్నెండు లక్షల మంది క్రైస్తవులు గ్రీసుకు, నాలుగు లక్షల మందికి దగ్గరగా ముస్లింలు టర్కీకి. ఇష్టాయిష్టాలతో పని లేదు. కొలమానం మతం ఒక్కటే. దాంతో టర్కిష్ తప్ప మరో మాట రాని క్రైస్తవులు గ్రీసులో, గ్రీకు మాత్రమే వచ్చిన క్రీట్ దీవి ముస్లింలు టర్కీలో తేలారు. ఈ ఆలోచనను ముందుకు తెచ్చినవారిలో ముఖ్యుడు ఫ్రిడ్యోఫ్ నాన్సెన్, అంతకు ముందు ఏడాదే శరణార్థుల సేవకు నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మనిషి.

ఇరవై ఏడేళ్ల తర్వాత మన ఉపఖండం ఎదుటా అదే దారి ఉంది. 1950 ఏప్రిల్ 8న నెహ్రూ, లియాఖత్ అలీఖాన్ ఢిల్లీలో సంతకం చేసిన ఒప్పందం దానికి ఎదురు దారి పట్టింది. మైనారిటీలు ఎక్కడివాళ్లక్కడే ఉండాలి, వాళ్ల విధేయత సొంత దేశానికే, కష్టం వస్తే అడగాల్సిందీ సొంత ప్రభుత్వాన్నే. వెళ్లదలచినవాళ్లు సామాను తీసుకుని వెళ్లొచ్చు. బలవంతపు మతమార్పిళ్లు చెల్లవు. దీనికి నిరసనగా శ్యామాప్రసాద్ ముఖర్జీ కేంద్ర మంత్రివర్గంలోంచి తప్పుకున్నారు. ఒప్పందం రెండు వైపులా పూర్తిగా అమలైందని ఎవరూ అనలేరు. అయినా లొజాన్ దారి పట్టనందుకు ఆ ఇద్దరికీ మార్కులు వేయాల్సిందే.

1948లో వదిలేసిన మాట

మానవ హక్కుల విశ్వప్రకటనలో మైనారిటీల మీద ఒక్క అధికరణం కూడా లేదని తెలుసా? ముప్పై అధికరణాలు వెతికినా ఆ మాట దొరకదు. 1948 డిసెంబరు 10న అదే తీర్మానంలోని మరో భాగంలో, మైనారిటీల గతి పట్ల ఐక్యరాజ్యసమితి ఉదాసీనంగా ఉండజాలదని, అయితే దేశానికో తీరుగా ఉన్న ఈ చిక్కుకు ఒకే పరిష్కారం చెప్పడం కష్టమని రాసి చేతులు దులుపుకున్నారు.

భయం లేకపోలేదు. 1938లో హిట్లర్ చెకొస్లొవాకియాను చీల్చడానికి వాడుకున్న సాకు అక్కడి జర్మన్ మైనారిటీయే. ఆ దెబ్బకు మైనారిటీ అన్న మాటంటేనే దౌత్యవేత్తలు ఉలిక్కిపడేవారు. పైగా వలస వచ్చినవాళ్లందరూ తమలో కలిసిపోవాలనుకునే అమెరికా ఖండపు దేశాలకు ఆ మాట రుచించలేదు. మనిషికి హక్కులిస్తే చాలు, గుంపుకు విడిగా ఎందుకన్నది వాదన. ఆ వాదన డొల్లతనం బయటపడటానికి రెండు దశాబ్దాలు కూడా పట్టలేదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో 27వ అధికరణం వచ్చింది. మైనారిటీకి చెందినవారు తమవాళ్లతో కలిసి తమ సంస్కృతిని అనుభవించే, తమ మతాన్ని ఆచరించే, తమ భాషను వాడుకునే హక్కును కాదనరాదని అది చెబుతుంది. ఈ విషయంలో దాదాపు ప్రపంచమంతటికీ వర్తించే ముఖ్యమైన చట్టపు మాట ఇదే.

దీనికి ఫ్రాన్స్ ఇచ్చిన జవాబు చూడండి. 1980లో ఒడంబడికలో చేరుతూ, మా రాజ్యాంగం ప్రకారం 27వ అధికరణం మాకు వర్తించదని రాసిచ్చింది. పౌరులందరూ ఒక్కటే కాబట్టి ఫ్రాన్స్‌లో మైనారిటీలే లేరట. బ్రెటన్, బాస్క్, కోర్సికన్, అల్సేషియన్ మాట్లాడే లక్షలమంది నవ్వుకోవాలో ఏడ్వాలో వాళ్లకే తెలియాలి.

ఇంగ్లిష్‌వాళ్లు మైనారిటీనా?

మైనారిటీ అంటే ఎవరన్నది అంతర్జాతీయ చట్టంలో ఈరోజుకీ తేలలేదు. ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో కపొటోర్తి 1970ల్లో ఒక నిర్వచనం తయారుచేశాడు: సంఖ్యలో తక్కువ, అధికారంలో లేనివాళ్లు, తమదైన భాషో మతమో సంస్కృతో ఉన్నవాళ్లు, దాన్ని నిలుపుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్లు. అధికారంలో లేకపోవడమన్న ముక్క ఎంత అవసరమో ఆ నాటి దక్షిణాఫ్రికాను చూస్తే అర్థమవుతుంది. అక్కడ లెక్కకు తక్కువ ఉన్నది తెల్లవాళ్లే. నిర్వచనం బాగుందని అందరూ అన్నారు. చట్టంగా మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో మెజారిటీ భాష ఫ్రెంచి. దుకాణాల బయట ఫ్రెంచిలో తప్ప బోర్డులు పెట్టకూడదని అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. ముగ్గురు ఇంగ్లిష్ వ్యాపారులు జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకెక్కారు. వాళ్లలో ఒకాయన చేసేది అంత్యక్రియల వ్యాపారం. చావు కర్మల బోర్డుకు కూడా భాష గొడవ తప్పలేదన్నమాట. 1993లో కమిటీ ఇచ్చిన అభిప్రాయం రెండు ముక్కలు. భావప్రకటన స్వేచ్ఛకు భంగం కలిగింది నిజమే. కానీ మీరు మైనారిటీ కాదు, ఎందుకంటే లెక్క రాష్ట్రాన్ని బట్టి కాదు, దేశాన్ని బట్టి. దేశంలో మెజారిటీ ఇంగ్లిష్‌వాళ్లే. అదే ఏడాది క్విబెక్ తన చట్టాన్ని సడలించింది.

మన సుప్రీంకోర్టు ఇదే ప్రశ్నకు సరిగ్గా తలకిందుల జవాబు చెప్పింది. 2002లో మణిపాల్‌కు చెందిన టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం, మతమైనా భాషైనా మైనారిటీని రాష్ట్రాల వారీగానే లెక్కించాలని తేల్చింది. రాష్ట్రాలు భాష ప్రాతిపదికన ఏర్పడ్డాయి కాబట్టి ఇది సబబే. ఆ లెక్కన విజయవాడలో మెజారిటీ అయిన తెలుగువాడు రైలెక్కి చెన్నైలో దిగితే మైనారిటీ. జెనీవా కమిటీ కొలమానం వాడితే ఉత్తరప్రదేశ్‌లోని హిందీ భాషీయుడూ చెన్నైలోని హిందీ భాషీయుడూ ఒక్కటే అయిపోతారు. ఈ విషయంలో మన కోర్టుదే సరైన చూపని నా అభిప్రాయం.

పెళ్లి చేసుకుంటే కులం పోయినట్టు

సాండ్రా లవ్‌లేస్ కెనడాలో న్యూబ్రన్స్‌విక్ రాష్ట్రంలోని టోబిక్ అనే ఆదివాసీ రిజర్వులో పుట్టింది. మాలిసీట్ తెగ. 1970లో ఆదివాసీ కాని మనిషిని పెళ్లాడింది. కెనడా చట్టం ప్రకారం ఆ క్షణంలోనే ఆమె ఆదివాసీ కాకుండా పోయింది. అదే తెగ మగవాడు బయటి పిల్లను చేసుకుంటే అతని హోదా చెక్కుచెదరదు సరికదా, వచ్చిన పిల్లకు కూడా ఆదివాసీ హోదా ఇచ్చేవారు. సాండ్రా కాపురం నిలవలేదు. విడాకులు తీసుకుని పుట్టింటికి తిరిగొస్తే అక్కడ ఇల్లు పొందే హక్కు లేదు, సొంత ఊళ్లో ఉండే హక్కూ లేదు.

కెనడాలో కోర్టుకు వెళ్లి లాభం లేదని అప్పటికే తెలుసు. 1973లో ఇలాంటి మరో కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో ఆడవాళ్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 1976లో మాత్రం కొత్త తలుపు ఒకటి తెరుచుకుంది. ఒడంబడికకు అనుబంధంగా ఉన్న ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో కెనడా చేరింది. అంటే కెనడా పౌరులు తమ ప్రభుత్వం మీద నేరుగా మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. సాండ్రా 1977 డిసెంబరులో ఫిర్యాదు చేసింది. 1979లో టోబిక్ ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని రాజధాని ఒటావా దాకా పాదయాత్ర చేశారు. 1981 జూలై 30న కమిటీ తన అభిప్రాయం వెల్లడించింది. తనవాళ్ల మధ్య తన భాషలో, తన సంస్కృతిలో బతికే హక్కును సాండ్రాకు కాదన్నారు, ఇది 27వ అధికరణానికి విరుద్ధం.

ఆ కమిటీకి పోలీసు లేడు, జప్తు చేసే అధికారం లేదు. కెనడా వినకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. అయితే ప్రపంచానికి హక్కుల పాఠాలు చెప్పే కెనడాకు ఈ అప్రతిష్ఠ భరించరానిదైంది. 1985లో చట్టం మార్చింది. వేల మంది ఆడవాళ్లకు, వాళ్ల పిల్లలకు పోయిన హోదా తిరిగొచ్చింది. వివక్ష అంతటితో పూర్తిగా పోలేదు. మనవల తరం దగ్గర మళ్లీ మెలిక పెట్టారు, దాని మీద కొత్త కేసులు నడిచాయి. ఇంకో ముచ్చట: 2005లో సాండ్రా లవ్‌లేస్ నికొలస్ కెనడా సెనేట్ సభ్యురాలయ్యింది.

నేను డేన్‌ని అంటే డేన్‌నే

జర్మనీ ఉత్తర కొసన డెన్మార్క్ సరిహద్దు పక్కన డేనిష్ మైనారిటీ ఉంది. సరిహద్దు అవతల డెన్మార్క్‌లో జర్మన్ మైనారిటీ. 1955 మార్చి 29న రెండు ప్రభుత్వాలూ విడివిడిగా, ఒకే రోజు ప్రకటనలు చేశాయి. ఎవరైనా తాను ఫలానా మైనారిటీ అని చెప్పుకుంటే అధికారులు దాన్ని ప్రశ్నించకూడదు, ఆరా తీయకూడదు. సర్టిఫికెట్ల కోసం ఎమ్మార్వో ఆఫీసుల చుట్టూ తిరిగే మనకు ఇది దేవలోకపు ముచ్చటలా వినిపిస్తుంది. జర్మనీలో పార్టీలకు అయిదు శాతం ఓట్లు రాకపోతే సీట్లు రావు. డేనిష్ మైనారిటీ పార్టీకి ఆ నిబంధన లేదు. 2021 ఎన్నికల్లో ఆ పార్టీ జర్మనీ పార్లమెంటులో ఒక సీటు గెలిచింది.

అదే ఐరోపాలో, మరో రకం మైనారిటీ

డేన్‌లకు వెనక డెన్మార్క్ ఉంది. రోమాలకు ఎవరూ లేరు. వెయ్యేళ్ల కిందట భారత ఉపఖండం నుంచి వెళ్లి ఐరోపా అంతటా చెదిరిన జనం వాళ్లు. 1971లో లండన్ దగ్గర జరిగిన తొలి రోమా మహాసభలో ఒప్పుకున్న జెండా మధ్యలో ఎర్రని చక్రం ఉంటుంది.

చెక్ రిపబ్లిక్‌లోని ఓస్ట్రావా నగరంలో రోమా పిల్లల్ని మందబుద్ధి పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక బడుల్లో వేసేవారు. మామూలు పిల్లలతో పోలిస్తే రోమా పిల్లలు ఆ బడుల్లో పడే అవకాశం 27 రెట్లు ఎక్కువని లెక్కలు చెప్పాయి. పద్దెనిమిది మంది పిల్లల తరఫున కేసు వేశారు. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానంలో 2006లో ఓడిపోయారు. విస్తృత ధర్మాసనానికి వెళ్లి 2007 నవంబరు 13న 13-4 తేడాతో గెలిచారు. ఫలానా అధికారి ఫలానా పిల్లాడి మీద పగబట్టాడని రుజువు చేయనక్కర్లేదు, అంకెలే వివక్షను పట్టిస్తే చాలునని కోర్టు అంది. ఒక్కొక్కరికి నాలుగు వేల యూరోల పరిహారం దక్కింది. అప్పటికి ఆ పిల్లల చదువు వయసు దాటిపోయింది.

బోస్నియా సంగతి ఇంకా విడ్డూరం. 1995లో యుద్ధం ఆపడానికి రాసిన అక్కడి రాజ్యాంగం ప్రకారం దేశాధ్యక్ష పదవిలో ముగ్గురుంటారు: ఒక బోస్నియాక్, ఒక సెర్బ్, ఒక క్రొయాట్. డెర్వో సెయ్‌దిచ్ రోమా, యాకోబ్ ఫించి యూదుడు. ఇద్దరూ అధ్యక్ష పదవికి పోటీ చేయడానికి అనర్హులే. 2009 డిసెంబరు 22న ఇది వివక్ష అని అదే న్యాయస్థానం తీర్పిచ్చింది. రాజ్యాంగం మారలేదు. మూడు పెద్ద వర్గాల్లో ఒక్కదానికీ మార్చాలన్న తొందర లేదు.

కెన్యాలో మావ్ అడవిలోని ఒగియెక్ తెగకూ ఇలాంటి గెలుపే దక్కింది. ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానం 2017లో వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. 2022లో 15 కోట్ల షిల్లింగులకు పైగా పరిహారం చెల్లించి, భూములకు పట్టాలివ్వమంది. 2023లో కెన్యా ప్రభుత్వం మళ్లీ వాళ్ల ఇళ్లు కూల్చింది.

ఆఫ్రికా నుంచి వచ్చిన ఫిర్యాదు

2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు మ్యాన్మార్ నుంచి బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మ్యాన్మార్‌ను అంతర్జాతీయ న్యాయస్థానం బోనెక్కించింది అగ్రరాజ్యం కాదు, ఇరుగుపొరుగు కాదు. ఆఫ్రికా పడమటి కొసన ఉన్న బుల్లి దేశం గాంబియా. ఆ దేశ అప్పటి న్యాయశాఖ మంత్రి అబూబకర్ తంబదూ అంతకు ముందు రువాండా జాతిహత్యల ట్రిబ్యునల్‌లో పనిచేశారు. కాక్స్‌బజార్ శిబిరాలకు వెళ్లినప్పుడు రోహింగ్యాలు చెప్పిన మాటల్లో ఆయనకు మళ్లీ రువాండాయే వినిపించిందట. ఇస్లామిక్ దేశాల సంస్థ వెన్నుదన్నుతో 2019 నవంబరు 11న కేసు వేశారు. 1948 నాటి జాతిహత్యల నిరోధక ఒడంబడికలో ఉన్న ఏ దేశమైనా, తనకు నష్టం జరగకపోయినా, అడగొచ్చన్నది వాదన. కోర్టు ఒప్పుకుంది. మ్యాన్మార్ తరఫున స్వయంగా హేగ్ వెళ్లి వాదించింది ఒకప్పటి నోబెల్ శాంతి బహుమతి గ్రహీత ఆంగ్ సాన్ సూచీ. 2020 జనవరి 23న ఇచ్చిన మధ్యంతర ఆదేశం ఏకగ్రీవం. మ్యాన్మార్ తన వంతుగా నియమించుకున్న న్యాయమూర్తి కూడా తక్కినవాళ్లతోనే ఓటేశాడు. మరో ఏడాదికి అక్కడ సైన్యం తిరుగుబాటు చేసి సూచీనే జైల్లో పెట్టింది.

హైదరాబాద్‌లో బాలాపూర్ పరిసరాల్లో కొన్ని వేల మంది రోహింగ్యాలు గుడిసెల్లో బతుకుతున్నారు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో భారత్ చేరలేదు కాబట్టి దాని కింద వాళ్లు ఇక్కడ అడగగలిగిందేమీ లేదు.

మనకున్న తలుపులు

పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. ఫిర్యాదుల ప్రోటోకాల్‌లో మాత్రం చేరలేదు. అమెరికా, బ్రిటన్ కూడా చేరలేదు. కాబట్టి సాండ్రా వెళ్లిన దారి మనకు మూసే ఉంది. ఐక్యరాజ్యసమితి 2005లో మైనారిటీ వ్యవహారాల కోసం ఒక స్వతంత్ర నిపుణుల పదవిని ఏర్పాటుచేసింది. ఆ పదవిలో ఉన్న ప్రతినిధికి ఏ దేశం నుంచైనా ఫిర్యాదు పంపొచ్చు. ఆ ప్రతినిధి ప్రభుత్వాన్ని సంజాయిషీ అడగగలరు, అంతకు మించి కట్టడి చేయలేరు.

ఇంట్లోనే ఉన్న తలుపు వేరే ఉంది. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రల్లో ఉంటున్న తెలుగు పాఠకులు రాజ్యాంగం 350ఎ, 350బి అధికరణాలు ఒకసారి చదవండి. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాటు చేర్చినవి. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందే ఏర్పాటు రాష్ట్రం చేయాలని మొదటిది చెబుతుంది. దాని అమలును చూడటానికి రాష్ట్రపతి నియమించే ప్రత్యేకాధికారి ఉండాలని రెండోది చెబుతుంది. మీ పిల్లల బడిలో తెలుగు పీకేస్తే ఆర్జీ పెట్టాల్సింది ఆ ప్రత్యేకాధికారికి, అంటే భాషా మైనారిటీల కమిషనర్‌కే.